గైడు చూడకుండా రాసే ఇంగ్లీషు

ఇంగ్లీషు నేర్చుకోవడంలో ఎదురయ్యే ఇబ్బందుల గురించి రాయమని గత సంచికలో పాఠకులను కోరాము. అన్నీ మాట్లాడటం గురించే వస్తాయని అనుకున్నాము. ఉత్తరాలు చదివాక మాత్రం, మాట తడబడుతోందని రాసినవారిలో కూడా చాలామందికి అసలు లోటు రాతలోనే ఉన్నట్టు తోచింది. ఒకే సందేహాన్ని పలువురు అడిగిన చోట ఒక ఉత్తరాన్నే ఎంచుకున్నాము. రాసినవారి పేర్లు వేయడం లేదు.

ప్రశ్న: మా అమ్మాయి ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీషు మీడియమే, ఇప్పుడు పదో తరగతి. ఇంగ్లీషులో మార్కులు ఎప్పుడూ తొంభైకి తగ్గవు. గ్యారంటీ ఉండగానే పాడైన మా మిక్సీ గురించి కంపెనీకి నాలుగు ముక్కలు ఈమెయిల్ రాయమంటే, గంటసేపు కూర్చుని ‘రెస్పెక్టెడ్ సర్’ దగ్గరే ఆగిపోయింది. ఏ గ్రామరు పుస్తకం కొనాలి? స్పోకెన్ ఇంగ్లీషు క్లాసులో చేర్పించాలా?
— ఒక తల్లి, జనగామ

జవాబు: ఇప్పుడే రెండూ వద్దమ్మా. మీ అమ్మాయికి గ్రామరు రాకపోవడం ఇక్కడి చిక్కు కాదు. ఒక విషయాన్ని తనంతట తానుగా ఇంగ్లీషులో చెప్పవలసిన అవసరం ఆమెకు ఇంతవరకు కలగలేదు. మన బడుల్లో కాంపోజిషన్ ఎలా నడుస్తుందో మీకు తెలిసిందే. టీచరు బోర్డు మీద రాస్తారు, లేదా గైడులో ఫలానా పేజీ చూడమంటారు. పిల్లలు దాన్ని నోటుబుక్కులోకి ఎక్కించి, పరీక్ష ముందు బట్టీ పట్టి, పరీక్షలో దింపేస్తారు. ఇంత తతంగంలో ఎక్కడా పిల్ల ఒక్క వాక్యమైనా తన ఆలోచనలోంచి పుట్టించదు. ఆ తొంభై మార్కులు జ్ఞాపకశక్తికి వచ్చినవి.

పాఠ్యపుస్తకం తయారుచేసినవారు ఇలా జరగాలని కోరుకోలేదు. 2014లో పదో తరగతికి వచ్చిన ఇంగ్లీషు వాచకం సంభాషణ, ఉత్తరం, డైరీ, వర్ణన, ఒకరి జీవిత పరిచయం వంటివాటిని ‘డిస్కోర్సులు’ అనే పేరుతో పిల్లలచేతనే సొంతంగా రాయించాలని ఉద్దేశించింది. ఆ ప్రశ్నలు పరీక్షలోకి రాగానే ప్రతి పాఠానికీ వండి వార్చిన డిస్కోర్సులతో గైడ్లు బజారులోకి దిగాయి. సొంతంగా రాయించాలన్న ప్రయత్నం కూడా చివరికి బట్టీలోనే తేలింది.

గైడు రాతకూ సొంత రాతకూ తేడా ఎలా ఉంటుందో చూడండి. ఊరి సంత గురించి రాయమంటే గైడు చూసిన పిల్లవాడు ‘ఎ మార్కెట్ ఈజ్ ఎ ప్లేస్ వేర్ పీపుల్ ఫ్రమ్ ఆల్ వాక్స్ ఆఫ్ లైఫ్ గ్యాదర్’ అని మొదలుపెడతాడు. అందులో తప్పు లేదు, సంతా లేదు. గైడు చూడని పిల్ల అయితే ఇలా రాస్తుంది: ‘ఇన్ అవర్ విలేజ్ సంత ఈజ్ కమింగ్ ఎవ్రీ తర్స్‌డే. మై గ్రాండ్‌మదర్ ఈజ్ బయింగ్ డ్రై ఫిష్. షి ఈజ్ స్మెల్లింగ్ అండ్ టెల్లింగ్, దిస్ ఈజ్ ఓల్డ్ స్టాక్, రెడ్యూస్ ద రేట్.’ ఇక్కడ వాక్యాలన్నీ దిద్దవలసినవే. కాని ఎండుచేపను వాసన చూసి బేరమాడే నాయనమ్మ కళ్లకు కడుతోంది. ఇంగ్లీషు వచ్చేది ఈ రెండో పిల్లకే. ఆమె చేసిన తప్పులు కూడా చూడటానికి చాలా ఉన్నట్టున్నా, వాటిలో పెద్దది ఒక్కటే, అదే మళ్లీ మళ్లీ వచ్చింది. తెలుగులో ‘కొంటుంది’ అంటే ప్రతివారం కొంటుందనీ కావచ్చు, రేపు కొంటుందనీ కావచ్చు. అలవాటుగా జరిగేది అని నొక్కి చెప్పాలంటే ‘కొంటూ ఉంటుంది’ అంటాము. ఆ ‘కొంటూ ఉండటమే’ పిల్ల మనసులో మెదిలి, ‘ఈజ్ బయింగ్’ అని కాగితం మీదికి వచ్చింది. ఇంగ్లీషులో అలవాటుగా చేసే పనికి ‘బయ్స్’ అనీ, ఈ క్షణాన జరుగుతున్న పనికి మాత్రమే ‘ఈజ్ బయింగ్’ అనీ రాస్తారని ఒక్కసారి విడమరిచి చెప్పి, ఆ మూడు వాక్యాలనూ ఆమెచేతనే మళ్లీ రాయిస్తే, ఒక్క దిద్దుబాటుతో పేరా సగం బాగుపడుతుంది.

మీరు ఇంట్లో చేయగలిగింది ఇదే. రోజూ ఐదారు వాక్యాలు, ఆ రోజు తాను చూసినదాని గురించే రాయమనండి. మీకు ఇంగ్లీషు రాకపోయినా ఫరవాలేదు, చదివి వినిపించుకుని తెలుగులో అర్థం చెప్పించుకోండి, తరువాత ఏమైందని అడగండి. చదివేవారు ఒకరున్నారని తెలిసినప్పుడే రాసేవారికి చెప్పాలన్న కోరిక పుడుతుంది. తప్పులన్నీ ఒకేసారి దిద్దించకండి. వారానికి ఒక రకం తప్పును మాత్రం పట్టుకుని, ఆ వారం రాసినవాటిలో ఒకదాన్ని ఆదివారం నాడు తిరగరాయించండి. కొన్ని నెలలు ఇలా నడిచాక ఒక గ్రామరు పుస్తకం చేతికిస్తే, అప్పటికి ఆమెకు సొంత సందేహాలు ఉంటాయి కాబట్టి అది ఉపయోగపడుతుంది.

ఆ మిక్సీ ఈమెయిలును మాత్రం వదలకండి. ఎప్పుడు కొన్నారు, మోడల్ ఏమిటి, ఏమైంది, కంపెనీ ఏమి చేయాలి అన్న నాలుగు సంగతులను ముందు తెలుగులో నోటితో చెప్పించి, ఒక్కొక్కదానికి ఒక్కొక్క ఇంగ్లీషు వాక్యం రాయించి, ఆమె చేతనే పంపించండి. ‘రెస్పెక్టెడ్ సర్’ లేకపోయినా కంపెనీవారు ఏమీ అనుకోరు.

ప్రశ్న: జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో ఇంగ్లీషు చెబుతున్నాను. రెండు తరగతులవీ కలిపి వందకు పైగా నోటుబుక్కులు. అన్ని తప్పులూ దిద్దితే పేజీ ఎర్రబడటం తప్ప ఫలితం లేదు, దిద్దకపోతే తనిఖీకి వచ్చినవారు ప్రశ్నిస్తారు. పైగా తరగతిలో తెలుగు మాట్లాడవద్దంటారు. మాట్లాడకపోతే వెనుక బెంచీలకు ఏమీ అందదు.
— ఒక ఉపాధ్యాయుడు, ప్రకాశం జిల్లా

జవాబు: తెలుగు సంగతి ముందు చూద్దాం. ప్రభుత్వ బడుల్లో ఇంగ్లీషు మీడియం ప్రవేశపెట్టినప్పుడు రెండు తెలుగు రాష్ట్రాలూ ఒక పేజీలో ఇంగ్లీషు, ఎదురు పేజీలో తెలుగు ఉండే ద్విభాషా పాఠ్యపుస్తకాలను అచ్చువేశాయి. పుస్తకంలో ఉండవచ్చునన్న తెలుగు టీచరు నోట ఉండకూడదనడం విచిత్రమే. అయితే పాఠమంతా వాక్యం తరువాత వాక్యంగా తెలుగులో చెప్పేస్తే పిల్లలు ఇంగ్లీషును వినడమే మానేస్తారన్నది కూడా నిజం. ఏమి రాయాలో ఆలోచించుకునే ఘట్టంలో తెలుగును ధారాళంగా రానివ్వండి. ఎండుచేపల నాయనమ్మ గురించి పిల్లలు తెలుగులో కబుర్లు చెప్పుకున్నాకే ఇంగ్లీషు వాక్యాలు వస్తాయి. కాగితం మీద కలం పెట్టాక మాత్రం ఇంగ్లీషే ఉండాలి.

ఈ సందర్భంలో మన పొరుగున జరిగిన ఒక ప్రయోగాన్ని గుర్తుచేయాలి. ఎన్.ఎస్. ప్రభు నాయకత్వంలో 1979 నుంచి 1984 వరకు దక్షిణ భారతంలోని కొన్ని మామూలు బడుల్లో ‘బెంగళూరు ప్రాజెక్టు’ నడిచింది. అక్కడ గ్రామరు సూత్రాలను వరుసగా చెప్పడం మానేసి, రైళ్ల టైమ్‌టేబుల్, మ్యాపు, క్యాలెండరు వంటివి ఇచ్చి, వాటి ఆధారంగా లెక్క తేల్చవలసిన పనులు పెట్టేవారు. ముందు టీచరు అలాంటి పనినే తరగతి మొత్తంతో పైకి మాట్లాడుతూ చేసి చూపేవారు. తరువాత పిల్లలు తమంత తాము చేసేవారు. పిల్లవాడు ఏ రైలు ఎక్కాలో సరిగ్గా తేల్చాడా లేదా అన్నదే అక్కడ గీటురాయి. భాషలో తప్పులను ప్రసంగవశాత్తు సరిచేసేవారు. నేడు ప్రపంచమంతటా పనుల ఆధారంగా భాష నేర్పే పద్ధతి గురించి మాట్లాడేవారు ఈ ప్రయోగాన్ని తలచుకోకుండా ఉండరు. మన డీఎస్సీ అభ్యర్థులు మాత్రం దాన్ని ఒక బిట్టుగా చదివి వదిలేస్తున్నారు. మీ ఊరి బస్టాండులోని ఆర్టీసీ టైమ్‌టేబుల్‌ను ఫోనులో ఫొటో తీసి తెచ్చి, ‘మీ మామయ్య ఉదయం పది గంటలకల్లా ఒంగోలు ఆసుపత్రిలో ఉండాలి, ఏ బస్సు ఎక్కాలో ఆయనకు రాయండి’ అని చెప్పి చూడండి. గైడు ఏదీ అక్కరకు రాదు. రాతకు చదివే మనిషి ఉంటాడు, కారణమూ ఉంటుంది.

ఇక దిద్దడం. ప్రతి రాతలోనూ ప్రతి తప్పునూ దిద్దడం మీ ఓపికను హరిస్తుందే తప్ప పిల్లవాడికి మేలు చేయదు. ఎర్రసిరాతో నిండిన పేజీని వాడు మార్కు చూసి మూసేస్తాడు. ఈసారి భూతకాలం, వచ్చేసారి ఏకవచన బహువచనాలు అన్నట్టుగా ఒక్కొక్క రాతకు ఒక్కొక్క గురి పెట్టుకుని, ఆ సంగతి ముందుగానే తరగతికి చెప్పండి. తప్పున్న వరుస పక్కన మార్జిన్‌లో చుక్క మాత్రం పెట్టండి, ఎక్కడుందో వాడే వెతుక్కోవాలి. అడుగున సరే, వెరీగుడ్ వంటివి కాక, వాడు రాసిన విషయానికి జవాబుగా ఒక్క వాక్యం రాయండి. రోజుకు పదిహేను పుస్తకాల చొప్పున వంతులవారీగా తీసుకుంటే బండి నడుస్తుంది. తనిఖీ భయానికి మందు ఏమిటంటే, మొదటి రాతను ఎడమ పేజీలోను, తిరగరాసినదాన్ని కుడి పేజీలోను ఉంచడం. వచ్చిన అధికారి రెండు పేజీలనూ పక్కపక్కన చూస్తే, ఎర్రసిరా ఎందుకు తక్కువుందని అడగవలసిన అవసరం సాధారణంగా ఉండదు.

ప్రశ్న: పదో తరగతి వరకు తెలుగు మీడియం. ఇప్పుడు బీటెక్ చివరి సంవత్సరం. కోడింగ్ రౌండ్ దాటుతున్నాను, హెచ్‌ఆర్ రౌండ్‌లో పోతోంది. ‘టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్’ కంఠతా వచ్చు. ఆ తరువాతి ప్రశ్నకే నోరు పెగలదు.
— ఒక విద్యార్థి, నల్గొండ జిల్లా

జవాబు: మీ కష్టానికి కారణం ఆ కంఠతా వచ్చినదే. ‘ఐ హెయిల్ ఫ్రమ్’ అని మొదలై, నాన్నగారి వృత్తి మీదుగా ‘మై స్ట్రెంగ్త్ ఈజ్ హార్డ్ వర్క్’ దాకా సాగే ఆ అప్పగింతను ఎదుటివారు ఆ ఉదయం నుంచి ఎందరి నోటో విని ఉంటారు. అది ధారగా సాగి, తరువాతి ప్రశ్నకు మీరు నీళ్లు నమలడంతో, మొదటిది మీది కాదని వారికి అర్థమైపోతుంది.

దాన్ని వదిలేసి, మీరు నిజంగా చేసిన ఒక ప్రాజెక్టు గురించి ఒక పేజీ రాయండి. అది ఏమి చేస్తుంది, అందులో మీ వంతు ఏమిటి, ఎక్కడ చిక్కుపడింది, దాన్ని ఎలా విప్పారు. మొదటిసారి రాసినది మీకే నచ్చదు; రెండోసారి వాక్యాలను చిన్నవి చేయండి, మూడోసారి మీ రూమ్‌మేటుకు చదివి వినిపించి, అతనికి అర్థంకాని చోట గుర్తు పెట్టుకోండి. ఆ తరువాత కాగితం పక్కనపెట్టి అదే విషయం నోటితో చెప్పండి. మాటలు కాగితంలో ఉన్నట్టే రానక్కరలేదు, రాకపోవడమే మంచిది. సొంతంగా ఆలోచించి రాసినది కాబట్టి, అడ్డుగా ప్రశ్న వేసినా మళ్లీ దారిలోకి రాగలుగుతారు.

ఉద్యోగంలో చేరాక కూడా మీ ఇంగ్లీషులో ఎక్కువ భాగం రాతే. ప్రోగ్రాములో లోపం కనిపిస్తే టికెట్, అంటే ఆ లోపాన్ని తెలిపే చిన్న నివేదిక, రాయాలి. కొత్తగా చేరినవారు చాలామంది ‘లాగిన్ నాట్ వర్కింగ్, ప్లీజ్ డూ ద నీడ్‌ఫుల్’ అని రాసి ఊరుకుంటారు. అవతల దాన్ని సరిచేయవలసిన మనిషికి ఏ బ్రౌజరులో, ఏ బటన్ నొక్కితే, ఏమి రావలసిన చోట ఏమి వచ్చిందో తెలియాలి. ఈ వివరాలున్న టికెట్టులో ‘ఎ’, ‘ద’ వంటి ఒక ఆర్టికల్ తప్పిపోయినా ఎవరూ పట్టించుకోరు; వివరాలు లేకపోతే గ్రామరు ఎంత శుద్ధంగా ఉన్నా తిప్పి పంపుతారు. మీరు వాడే ప్రోగ్రామింగ్ భాషకు అధికారిక డాక్యుమెంటేషన్ ఇంగ్లీషులో ఉచితంగా దొరుకుతుంది. వీడియోలు తగ్గించి దాన్ని చదవండి. సూటిగా, పొల్లుమాట లేకుండా రాయడం ఎలాగో అక్కడే కనిపిస్తుంది.

ప్రశ్న: బీఎస్సీ నర్సింగ్ చేసి హైదరాబాదులో ఒక ఆసుపత్రిలో పనిచేస్తున్నాను. బ్రిటన్ వెళ్లాలని ఉంది. ఐఈఎల్‌టీఎస్ ఇంగ్లీషు పరీక్షలో మిగతావన్నీ వచ్చినా రైటింగ్‌లో రెండుసార్లూ 6 దగ్గరే ఆగింది. ఓఈటీ అనే మరో పరీక్ష తేలికంటున్నారు, నిజమేనా?
— ఒక నర్సు, ఖమ్మం

జవాబు: తేలిక అనడం సరికాదు గాని, మీ వంటివారికి అది సొంత నేల. బ్రిటన్‌లో నర్సుల నమోదు చూసే ఎన్‌ఎంసీ రెంటినీ అంగీకరిస్తుంది. ఐఈఎల్‌టీఎస్ అకడమిక్‌లో మొత్తం 7, విడివిడిగా చదవడం, వినడం, మాట్లాడటంలో 7, రాయడంలో 6.5 కావాలి. ఓఈటీలో మొదటి మూడింటికి బి గ్రేడు, అంటే 350, రాయడానికి సి ప్లస్, అంటే 300 కావాలి. దరఖాస్తుకు ముందు ఎన్‌ఎంసీ వెబ్‌సైట్‌లో ఒకసారి సరిచూసుకోండి, నిబంధనలు మారుతుంటాయి.

రెండు పరీక్షల్లో రాత స్వభావమే వేరు. ఐఈఎల్‌టీఎస్‌లో గంట వ్యవధిలో రెండు రాతలు: ఒక గ్రాఫునో పట్టికనో 150 పదాలకు తగ్గకుండా వివరించాలి, ఏదో ఒక సామాజికాంశం మీద 250 పదాలకు తగ్గకుండా వ్యాసం రాయాలి. రెండోదానికి బరువు రెట్టింపు. నగరాల్లో ట్రాఫిక్, పిల్లలపై ప్రకటనల ప్రభావం వంటి విషయాల మీద వాదన నిర్మించడం నర్సు విద్యలో ఎక్కడా నేర్పరు, అందుకే చాలామంది కోచింగ్ సెంటరులో ఇచ్చిన మూస వాక్యాలను కంఠస్థం చేసి అతికిస్తారు. పరీక్షకులు ఆ మూసలను ఇట్టే గుర్తుపడతారు. మీ 6కు అదీ ఒక కారణమేమో మీ పాత అభ్యాస పత్రాలు తీసి చూసుకోండి.

ఓఈటీ పన్నెండు వైద్య సంబంధ వృత్తులకు ప్రత్యేకించిన పరీక్ష. వినడం, చదవడం అందరికీ ఒకటే. రాయడం, మాట్లాడటం మాత్రం ఎవరి వృత్తిని బట్టి వారికి. రాతకు 45 నిమిషాలు, అందులో మొదటి 5 నిమిషాలు కేస్ నోట్సు చదవడానికే. ఆ నోట్సు ఆధారంగా సుమారు 180 నుంచి 200 పదాల ఉత్తరం రాయాలి. ఒక మచ్చు తీసుకుందాం. అరవై ఎనిమిదేళ్ల మనిషి, తుంటి ఎముక ఆపరేషన్ అయి ఆరో రోజు, డిశ్చార్జి చేస్తున్నారు. షుగర్ ఉంది, ఇన్సులిన్ మోతాదు ఈ మధ్యే మార్చారు. కుట్ల దగ్గర రోజు విడిచి రోజు కట్టు మార్చాలి. ఇంట్లో భార్య ఒక్కతే, ఆమెకు చూపు సరిగా ఆనదు. నోట్సులో ఇంకా ఇరవై ఏళ్ల కిందటి అపెండిక్స్ ఆపరేషన్, సిగరెట్టు మానేసిన సంవత్సరం, ఆసుపత్రిలో పెట్టిన ఆహారం కూడా ఉంటాయి. ఇంటికి వెళ్లి చూసే కమ్యూనిటీ నర్సుకు మీరు ఉత్తరం రాయాలి.

ఇక్కడ చాలామంది నోట్సులో ఉన్నదంతా వరుసగా వాక్యాలుగా మార్చేస్తారు, అపెండిక్స్‌తో సహా. కాని ఓఈటీ ఉత్తరాన్ని ఆరు కోణాల నుంచి కొలుస్తారు: ఉద్దేశం వెంటనే తెలుస్తోందా, కావలసిన విషయం ఉందా, అనవసరమైనది వదిలేశారా, వృత్తికి తగిన శైలి ఉందా, అమరిక బాగుందా, భాష సరిగ్గా ఉందా. ఆరింటిలో భాషాదోషాలకు నేరుగా సంబంధించినది చివరిది ఒక్కటే. కాబట్టి మొదటి వాక్యంలోనే ‘ఐ యామ్ రైటింగ్ టు రిక్వెస్ట్ వూండ్ కేర్ అండ్ సూపర్విజన్ ఆఫ్ ఇన్సులిన్ ఫర్ దిస్ పేషెంట్’ అన్న పద్ధతిలో ఎందుకు రాస్తున్నారో తేల్చేయాలి. తరువాత ఇప్పటి పరిస్థితి, కట్టు, ఇన్సులిన్. భార్యకు చూపు ఆనదన్న సంగతి నోట్సులో ఏ మూలనో ఒక ముక్కగా ఉంటుంది. సిరంజిలో మోతాదు చూడవలసింది ఆమే అయితే ఉత్తరంలో దానికి పెద్దపీట వేయాలి. అపెండిక్స్ అక్కరలేదు.

షిఫ్టు మారేటప్పుడు మీరు రోజూ చేసే హ్యాండోవర్‌లో ఈ ఏరివేత మీకు అలవాటే. రాబోయే సిస్టర్‌కు ఏమి తెలియాలో అది చెబుతారు, మిగతాది ఫైలులో ఉందంటారు. అదే బుద్ధిని కాగితం మీద పెట్టండి. మీ వార్డులో ఆ రోజు డిశ్చార్జి అయిన కేసుల్లో ఒకదాన్ని, రోగి వివరాలు మార్చేసి, ఇంటికి వెళ్లాక 40 నిమిషాల్లో ఉత్తరంగా రాయడం అభ్యాసం చేయండి. స్కోరు గ్యారంటీ అని డబ్బు అడిగేవారు ఎదురైతే అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

ప్రశ్న: తెలుగు యాస పోగొట్టుకోవడం ఎలా?
— విజయవాడ

జవాబు: పోగొట్టుకోనక్కరలేదు. అవతలివారికి అర్థం కావడానికి అడ్డుపడే వాటిని మాత్రం సరిచేసుకోండి. వాటిలో మొదటిది ఊనిక. మనం మాటలోని అక్షరాలన్నిటినీ ఇంచుమించు సమానంగా పలుకుతాము; ఇంగ్లీషువారు ఒక అక్షరాన్ని ఎత్తి పలికి, మిగతావాటిని నలిపేస్తారు. ‘ఫొటోగ్రాఫ్’లో మొదటి భాగం మీద, ‘ఫొటాగ్రఫీ’లో రెండో భాగం మీద, ‘ఫొటోగ్రాఫిక్’లో మూడో భాగం మీద బరువు పడుతుంది. రెండోది, హల్లుతో ముగిసే మాటలకు చివర ‘ఉ’ చేర్చే మన అలవాటు. ఈ రెండింటినీ చూసుకుంటే చాలు. అమెరికా సినిమాల్లోని యాసను అనుకరించేవారి మాట తరచుగా అమెరికావారికీ అర్థం కాదు, మనకూ అర్థం కాదు.

ప్రశ్న: గ్రూప్-1, సివిల్స్‌కు తెలుగు మాధ్యమంలో తయారవుతున్నాను. ఇంగ్లీషు పేపరు తలచుకుంటేనే గుండె దడ.
— వనపర్తి

జవాబు: దడకు తగినంత కారణం లేదు. తెలంగాణ గ్రూప్-1 మెయిన్స్‌లో జనరల్ ఇంగ్లీషు 150 మార్కుల అర్హత పేపరు, పదో తరగతి స్థాయిది. ఆ మార్కులను ర్యాంకుకు కలపరు. సివిల్స్ మెయిన్స్‌లోని ఇంగ్లీషు పేపరు 300 మార్కులకు, 25 శాతం వస్తే చాలు. అందులో వ్యాసానికి 100, ఒక పేరా చదివి ప్రశ్నలకు జవాబు రాయడానికి 75, సంక్షిప్తీకరణకు 75, పదప్రయోగానికి, వ్యాకరణానికి 50 ఉంటాయి. అయితే అర్హత రాకపోతే మిగతా పేపర్లను లెక్కలోకి తీసుకోరు కాబట్టి నిర్లక్ష్యం చేయడానికీ వీల్లేదు. 2016 సివిల్స్‌లో దేశంలో 3వ ర్యాంకు తెచ్చుకున్న శ్రీకాకుళం జిల్లావాసి రోణంకి గోపాలకృష్ణ మెయిన్స్ తెలుగులో రాశారు; ఈ ఇంగ్లీషు గడప దాటే ఆయనా ముందుకు వెళ్లారు.

మీ సమయాన్ని సంక్షిప్తీకరణ మీద పెట్టండి. ఇచ్చిన భాగాన్ని మూడో వంతుకు కుదించాలి. అక్కడక్కడ వాక్యాలు ఏరి అతికించేవారు మార్కులు పోగొట్టుకుంటారు. ఇంగ్లీషు దినపత్రిక సంపాదకీయాన్ని రెండుసార్లు చదివి, పత్రిక మూసేసి, రచయిత ఏమంటున్నాడో తెలుగులో ఒకటి రెండు వాక్యాల్లో మీకు మీరే చెప్పుకోండి. తరువాత మీ సొంత ఇంగ్లీషులో రాయండి. తెలుగులో చెప్పలేకపోయారంటే చదివింది అర్థం కాలేదన్నమాట. అప్పుడు మళ్లీ పత్రిక తెరవాలి. ఈ ఒక్క అలవాటుతో మిగతా మూడు విభాగాలకూ సగం తయారీ అయిపోతుంది.

ప్రశ్న: ఎం.ఏ. ఇంగ్లీషు పూర్తికావస్తోంది. టీచరు ఉద్యోగం తప్ప దీనితో ఏముందని బంధువులు అంటున్నారు.
— శ్రీకాకుళం

జవాబు: టీచరు ఉద్యోగాన్ని ‘తప్ప’ అని తీసేయడం మొదట సరికాదు. ఇంగ్లీషు మెథడాలజీతో బీఈడీ చేస్తే డీఎస్సీలో స్కూల్ అసిస్టెంట్ పోస్టుకూ, అధ్యాపక అర్హత పరీక్షలైన నెట్ గాని సెట్ గాని సాధిస్తే డిగ్రీ కళాశాలలకూ దారి ఉంటుంది. కాని ఎం.ఏ.లో మీరు చదివింది చాలావరకు సాహిత్యం. రెండో భాషగా ఇంగ్లీషును నేర్పడం వేరే విద్య. దానికి మన హైదరాబాదే దేశంలో పెద్ద కేంద్రం. 1958లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్‌గా పుట్టి, 1972లో విదేశీ భాషలను కూడా చేర్చుకుని, 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయంగా మారిన ఇఫ్లూ (ఇంగ్లిష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీ) తార్నాకలో ఉంది. ఇంగ్లీషు బోధన మీద పీజీ సర్టిఫికెట్, డిప్లొమా కోర్సులు అక్కడ ఉన్నాయి. విదేశాల్లో పాఠాలు చెప్పాలనుకునేవారు ఇంగ్లీషు బోధనలో కేంబ్రిడ్జివారు ఇచ్చే సెల్టా సర్టిఫికెట్ కోర్సు చేస్తారు. అందులో 120 గంటల శిక్షణ, నిజమైన విద్యార్థుల ముందు 6 గంటల బోధన ఉంటాయి. ఖర్చు ఎక్కువ, కాబట్టి వెళ్లదలచిన దేశంలో దానికి విలువ ఉందో లేదో ఆరా తీశాకే డబ్బు కట్టండి.

టీచరు ఉద్యోగం కాకపోతే, నేను మీకు ముందుగా చెప్పేది అనువాదం. రాజ్యాంగంలోని 348వ అధికరణం ప్రకారం సుప్రీంకోర్టు, హైకోర్టుల వ్యవహారాలు సాధారణంగా ఇంగ్లీషులో నడుస్తాయి. కింది కోర్టుల్లోని వాంగ్మూలాలు, పోలీసు కాగితాలు, భూమి దస్తావేజులు తెలుగులో ఉంటాయి. అప్పీలు పైకి వెళ్లినప్పుడల్లా ఆ కట్టనంతా ఎవరో ఒకరు ఇంగ్లీషులోకి మార్చవలసిందే. ఇటు నుంచి అటు, తీర్పులను తెలుగులోకి తెచ్చే పనీ పెరుగుతోంది. సుప్రీంకోర్టు 2019 నుంచి ‘సువాస్’ అనే యంత్రానువాద సాఫ్ట్‌వేరును వాడుతోంది, కాని యంత్రం ఇచ్చినదాన్ని సరిచూడటానికి రెండు భాషలూ తెలిసిన మనిషి కావాలి. మీ తరగతిలో ఇంగ్లీషు బాగా వచ్చినవారు చాలామందే ఉండవచ్చు. దానితోపాటు శుభ్రమైన తెలుగు కూడా వచ్చినవారు తక్కువ, కాబట్టి తెలుగును పక్కనపెట్టకండి.

సాఫ్ట్‌వేరు, యంత్రాలు, మందుల కంపెనీల్లో టెక్నికల్ రైటర్ల ఉద్యోగాలు కూడా ఉన్నాయి. వాటికి సాహిత్య పట్టా ఒక్కటీ చాలదు. ఒక వస్తువును ఎలా వాడాలో తెలియనివాడికి తెలిసేలా రాయగలరా అన్నది చూస్తారు. దరఖాస్తుతోపాటు పంపడానికి నమూనాలు ఇప్పుడే తయారుచేసుకోండి. మీ ఊళ్లో పొలం మోటారుకు బిగించే స్టార్టరును తీసుకుని, దాన్ని మొదటిసారి చూసే మనిషి కోసం బిగించడం, నడపడం, ట్రిప్ అయితే ఏమి చేయాలన్నది రెండు పేజీల ఇంగ్లీషులో రాయండి. కరెంటు పని తెలిసిన ఒకరికి దాన్ని వివరించి, వదిలేసిన మెట్లు ఏమైనా ఉన్నాయేమో అడిగి సరిదిద్దండి. దానికి తోడు, ఇంట్లో ఉన్న ఒక పాత అమ్మకపు దస్తావేజును పేర్లు మార్చి ఇంగ్లీషులోకి అనువదించి పెట్టుకోండి. అనుభవం అడిగిన ప్రకటనలకు కూడా ఈ రెండు నమూనాలతో దరఖాస్తు పంపవచ్చు.